లోపలి యుద్ధములో నిలిచిన విశ్వాసి – జాన్ బన్యన్



అపొస్తలుడైన పౌలు ఎఫెసీ సంఘమునకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో సర్వాంగ కవచమును గూర్చి చెప్పుచు, నిలువబడుట అను మాటను మరల మరల వాడుట మనము గమనింపవలెను. శత్రువు దేశములోనికి చొరబడి కోటలను పట్టుకొనుడని ఆయన అక్కడ చెప్పలేదు. చెడు దినము వచ్చినప్పుడు ఎదిరించి, చేయవలసినదంతయు చేసి, ఉన్నచోటనే నిలిచియుండుడని చెప్పెను. నిలుచుట చిన్న పనివలె కనబడును. గాని గాలివానలో నాటుపడవను ఒడ్డున కట్టి నిలుపుట ఎంత కష్టమో ఎరిగినవారికి దాని విలువ తెలియును.

మన సంఘములలో కొందరు విశ్వాసులు తమ లోపలి పోరాటమును ఎవరితోను చెప్పుకొనరు. పొలములో కలుపు తీయుచుండగా, రాత్రి మంచముమీద పండుకొనియుండగా, ఒక్కొక్కప్పుడు ప్రార్థనకు మోకరించిన వేళనే పలుకరాని తలంపులు వారి మనస్సులోనికి వచ్చును. ఇట్టి తలంపులు వచ్చిన నేను విశ్వాసినేనా, క్షమాపణలేని పాపము చేసితినేమో యని వారు లోలోపల కృశించిపోవుదురు. ప్రభువు బల్లయొద్దకు రాక వెనుకకు తగ్గుదురు. పెద్దలు అడిగినయెడల ఒంట్లో బాగుగా లేదని చెప్పుదురు. అట్టివారి నిమిత్తమే ఈ నెల మేము జాన్ బన్యన్ జీవితమును మీ యెదుట నుంచుచున్నాము. యాత్రికుని ప్రయాణము అను గ్రంథమును వ్రాసినవాడని ఇతనిని మనలో అనేకు లెరుగుదురు. గాని ఆ గ్రంథము పుట్టుటకు ముందు ఇతని హృదయములో జరిగిన యుద్ధము ఎరిగినవారు కొద్దిమందియే.

పల్లెటూరి బీదవాడు

బన్యన్ 1628వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమందున్న ఎల్‌స్టో అను పల్లెటూరిలో జన్మించెను. తండ్రి థామస్ చిల్లులు పడిన గిన్నెలకు, బిందెలకు మాట్లు వేయువాడు. కుమారుడును ఆ పనియే నేర్చుకొని, పనిముట్లు మోసికొని ఊరూర తిరిగి జీవనము చేసెను. బీదవారైనను తలిదండ్రులు అతనికి చదువను వ్రాయను కొంత నేర్పించిరి.

1644వ సంవత్సరమున జూన్ నెలలో తల్లియు, జూలై నెలలో చెల్లెలు మార్గరెట్టును మృతినొందిరి. కొలది కాలములోనే తండ్రి మరియొక భార్యను తెచ్చుకొనెను. ఆ యేడే, ఇంచుమించు 16 ఏండ్ల ప్రాయమున, బన్యన్ సైన్యములో చేరెను. ఆ కాలమున ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. అతడు పార్లమెంటు పక్షమున నుండెను. ఒకసారి అతడు ముట్టడికి పోవలసియుండగా, మరియొక సైనికుడు అతనికి బదులుగా పోవుదునని అడిగి వెళ్లెను. అక్కడ కావలి కాయుచుండగా తుపాకి గుండు తలకు తగిలి ఆ సైనికుడు చనిపోయెను. దేవుడు తన్ను కాపాడెనని బన్యన్ అప్పుడు గ్రహింపలేదు. చాల కాలము గడచిన తరువాతనే దానిని తలంచుకొని కృతజ్ఞుడాయెను.

యుద్ధము ముగిసి ఇంటికి వచ్చిన తరువాత అతడు వివాహము చేసికొనెను. ఆ దంపతులకు తినుటకు ఒక పళ్లెము గాని గరిటె గాని లేదు. గాని భక్తిపరుడైన తండ్రి విడిచిపోయిన రెండు భక్తి గ్రంథములను ఆమె వెంట తెచ్చుకొనెను. సాయంకాలములందు ఇద్దరును వాటిని చదువుకొనుచుండిరి. వారి మొదటి బిడ్డ మేరీకి చూపు లేదు. ఈ గ్రుడ్డి బిడ్డయందు తండ్రికి గల ప్రేమను గూర్చి ముందు చెప్పుదుము.

పైపైని మార్పు

ఆ దినములలో బన్యన్ నోట ఒట్లును బూతులును ఎల్లప్పుడు వచ్చుచుండెను. ఒక ఆదివారము ఉదయమున విశ్రాంతి దినమును గూర్చిన ప్రసంగము విని మనస్సు నొచ్చుకొనెను. అయినను భోజనమైన తరువాత దానిని మరచిపోయి, ఊరి బయలున ఆటకు దిగెను. అది కఱ్ఱతో చిన్న కొయ్యబిళ్లను లేపి కొట్టు ఆట; మన పల్లెలలో పిల్లలాడు బిళ్లంగోడు వంటిది. బిళ్లను ఒకసారి కొట్టి రెండవసారి కొట్టబోవుచుండగా, నీ పాపములు విడిచి పరలోకమునకు పోవుదువా, వాటిని పట్టుకొని నరకమునకు పోవుదువా యని పరలోకమునుండి తన్ను ఎవరో అడిగినట్లు అతనికి తోచెను. అతడు కఱ్ఱను నేలమీద విడిచి పైకి చూచెను. గాని తనకు ఆలస్యమైపోయెనని తలంచి, మరల ఆటలోనే పడెను.

కొంతకాలమునకు దుర్మార్గురాలని పేరుపడిన ఒక స్త్రీ అతని తిట్లు విని, ఇంత చెడ్డ నోరు తాను ఎన్నడును వినలేదని అతనిని గద్దించెను. అట్టి స్త్రీయే తన్ను గద్దించుటకు అతడు సిగ్గుపడి తల వంచుకొనెను. అటుతరువాత ఒట్లు మానెను, నాట్యము మానెను, దేవాలయపు గంటలు మ్రోగించు సరదా మానెను. ఇరుగుపొరుగువారు అతనిని మెచ్చుకొనిరి. అతడును తాను దేవుని సంతోషపరచుచున్నానని అనుకొనెను. గాని క్రీస్తును ఇంకను ఎరుగలేదు. పాత గిన్నెకు పైన మెరుగు పెట్టినంత మాత్రమున లోపలి చిల్లు మూయబడదు గదా. ఈ సంగతి ఆ పని చేయువానికంటె బాగుగా ఎవరికి తెలియును?

గుమ్మములో కూర్చున్న స్త్రీలు

ఒక దినము అతడు పనిమీద బెడ్‌ఫర్డు వీధిలో పోవుచుండగా, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు ఒక గుమ్మమునొద్ద ఎండలో కూర్చుండి దేవుని సంగతులు మాటలాడుకొనుచుండిరి. అతడు దగ్గరకు పోయి వినెను. క్రొత్త జన్మమును గూర్చియు, తమ హృదయముల దౌష్ట్యమును గూర్చియు, శోధనలలో ప్రభువు తమ్ము ఎట్లు ఆదరించెనో దానిని గూర్చియు వారు మాటలాడుచుండిరి. వారి మాటలలో కనబడిన సంతోషము అతనికి లేదు. తనకు మతమున్నదిగాని ఈ స్త్రీలకున్నది తనకు లేదని అతడు ఆ దినమున తెలిసికొనెను.

ఆ స్త్రీలు జాన్ గిఫర్డ్ గారి సంఘములోనివారు. గిఫర్డ్ గారు మునుపు రాజు సైన్యములో అధికారి. మరణశిక్ష పొంది చెరలోనుండి తప్పించుకొని, బెడ్‌ఫర్డుకు వచ్చి వైద్యము చేయుచు, జూదములో మునిగిన మనుష్యుడు. అట్టివానిని ప్రభువు పట్టుకొని, 1650వ సంవత్సరమున ఒక చిన్న సంఘమునకు కాపరిగా నియమించెను. బన్యన్ ఈ సంఘమునొద్దకు వచ్చుట మొదలుపెట్టెను. సువార్తను ముఖాముఖిగా చెప్పి ఒక ఆత్మను రక్షణ మార్గమున నడిపించినది పెద్ద ప్రసంగికులు కారు, గుమ్మములో కూర్చున్న బీద స్త్రీలు. మన గ్రామములలోని తల్లులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

యుద్ధము మొదలాయెను

వెదకుట మొదలుపెట్టగానే శోధనలు తగ్గునని మనము తలంతుము. బన్యన్‌కు దానికి మారుగా జరిగెను. తనకు విశ్వాసమున్నదో లేదో ఎట్లు తెలియునని కలతపడి, ఎల్‌స్టోకును బెడ్‌ఫర్డుకును మధ్య బాటమీద నడుచుచు, గుఱ్ఱపు డెక్కల గుంటలలోని నీటిని ఎండిపొమ్మనియు, ఎండిన చోటును నీటితో నిండుమనియు ఆజ్ఞాపించి చూడవలెనని అతనికి తోచెను. ముందు ప్రార్థించెదననుకొనెను, ప్రార్థించిన తరువాత జరుగకపోయిన యెడల తనకు విశ్వాసము లేనట్లేగదా యని భయపడి మానుకొనెను. సూచన దొరకినగాని నమ్మలేనని చెప్పు మనస్సు ఎంత బాధపడునో చూడుడి.

తరువాత దూషణ తలంపులు వరదవలె వచ్చెను. దేవుడున్నాడా, పరిశుద్ధ గ్రంథము నిజమా యను ప్రశ్నలు పగలును రాత్రియు అతనిని విడువలేదు. దూషణ మాట నోటినుండి వెలువడునేమో యని ఒక్కొక్కప్పుడు గడ్డము క్రింద చేయిపెట్టి నోరు మూసి పట్టుకొనెను. కుక్కను, కప్పను చూచి, వాటికి నరకములో నశించు ఆత్మ లేదుగనుక అవి తనకంటె ధన్యమైనవని తలంచెను.

ఆ కాలమున ఒక పాత పుస్తకము అతని చేతికి చిక్కెను. అది మార్టిన్ లూథర్ గలతీ పత్రికకు వ్రాసిన వ్యాఖ్యానము. తిప్పినచో పుటలు ఊడిపోవునంత శిథిలమైనది. కొంచెము చదువగానే, తన హృదయమును చూచి వ్రాసినట్లు అతనికి తోచెను. తనకంటె నూరేండ్ల ముందు వేరొక దేశములో నున్న భక్తుడు ఇదే మార్గమున నడచెనని తెలిసికొని అతడు ఊరట పొందెను. గాయపడిన మనస్సాక్షికి బైబిలు తప్ప ఇంతకంటె తగిన పుస్తకము తాను చూడలేదని తరువాత సాక్ష్యమిచ్చెను.

ఆ ఊరట కొంతకాలమే నిలిచెను. క్రీస్తును అమ్మివేయుము అను తలంపు అతనిని వెంటాడ నారంభించెను. భోజనమునకు కూర్చున్నను, కఱ్ఱ నరుకుచున్నను, సూది వంగి తీయుచున్నను ఆ మాటయే. ఇంచుమించు ఒక సంవత్సరము ఇట్లు జరిగెను. దేనికొరకును అమ్మను, వేవేల లోకములకొరకైనను అమ్మను అని అతడు మరల మరల చెప్పుచు, శత్రువును నెట్టుచున్నట్లు చేతులు కదలించుచుండెను. ఒక ఉదయమున పడకమీద నుండగా ఆ పోరాటముచేత అలసి సొలసి, ఆయనకు ఇష్టమైతే ఆయనను పోనిమ్ము అను తలంపు తన మనస్సులో పోనిచ్చినట్లు అతనికి తోచెను. చెట్టుమీదనుండి బాణము తగిలి పడిన పక్షివలె అతడు పడిపోయెను.

ఏశావును గూర్చిన మాట

అప్పుడు హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో ఏశావును గూర్చిన మాట అతనిని పట్టుకొనెను. ఏశావు ఒక పూట కూటికొరకు జ్యేష్ఠత్వమును అమ్మి, తరువాత కన్నీటితో ఆశీర్వాదమును వెదకినను పొందలేదని అక్కడ వ్రాయబడియున్నది. నేనును ఏశావువలె అమ్మివేసితినని బన్యన్ తన్నుతాను తీర్పు తీర్చుకొనెను. దావీదు పాపమును, పేతురు పాపమును తన పాపముతో తూచి చూచుకొనెను. తనదే బరువుగా కనబడెను. చాల కాలము ఈ వ్యాకులతలో గడచెను.

ఈ సమయమున అతడు వయస్సు మళ్లిన ఒక క్రైస్తవునియొద్దకు వెళ్లి తన స్థితి యంతయు చెప్పుకొనెను. తాను క్షమాపణలేని పాపము చేసితినని భయపడుచున్నానని చెప్పగా, ఆ పెద్దమనిషి తనకును అట్లే తోచుచున్నదని జవాబిచ్చెను! ఆయన మంచివాడేగాని, సాతానుతో పోరాటమును ఎరిగినవాడు కాడని బన్యన్ తరువాత గ్రహించెను. సహోదరులారా, మేము ఈ సంగతిని చదివినప్పుడెల్ల భయపడుచున్నాము. మనయొద్దకు వచ్చి కన్నీటితో హృదయము విప్పినవారికి మనము తొందరపడి ఏమి జవాబిచ్చితిమో! నలిగిన రెల్లును విరువని ప్రభువుయొక్క సేవకులము మనము.

కృప ఎట్లు గెలిచెను

విడుదల ఒక్క దినమున రాలేదు. యోహాను సువార్త 6వ అధ్యాయములో, తనయొద్దకు వచ్చువానిని త్రోసివేయనని ప్రభువు చెప్పిన వాగ్దానమును అతడు గట్టిగా పట్టుకొనెను. సాతాను ఒక వైపునను తాను ఒక వైపునను ఆ వచనమును లాగుకొన్నట్లు అతనికి తోచెను. మరియు పౌలుకు ప్రభువు తన కృప చాలునని చెప్పిన మాట, రెండవ కొరింథీ పత్రిక 12వ అధ్యాయములోనిది, అతనికి తగిలెను. అయితే ఆ కృప నీకు అను భాగము తనకు చెందదని అతడు కొన్ని వారములు దుఃఖపడెను. ఒక దినము విశ్వాసుల కూటములో కూర్చుండియుండగా, ఆ వాక్యము సంపూర్ణముగా, తనకే చెప్పబడినట్లు మూడుసార్లు హృదయములో ధ్వనించెను.

ఏశావును గూర్చిన మాటయు కృపను గూర్చిన మాటయు ఒకేసారి నా హృదయములో కలిసికొనినయెడల ఏది గెలుచునో యని అతడు తలంచుచుండెను. ఒక దినము అట్లే జరిగెను. ఏశావును గూర్చిన మాట మెల్లగా వెనుకకు తగ్గి, కృపను గూర్చిన మాట నిలిచెను. తరువాత అతడు భయపడిన వచనముల నన్నిటిని ఒక్కొక్కటిగా దగ్గరకు పోయి పరిశీలించెను. దూరమునుండి చూచినప్పుడు అవి కనబడినంత భయంకరములు కావని తెలిసికొనెను. ఏశావును గూర్చిన మాట, కృపకొరకు ఏడ్చుచు క్రీస్తునొద్దకు వచ్చు పాపిని త్రోసివేయుటకు వ్రాయబడలేదు.

ఒక దినము పొలముగుండ నడచుచుండగా, నీ నీతి పరలోకములో నున్నదని అతని మనస్సునకు తోచెను. దేవుని కుడిపార్శ్వమున కూర్చున్న క్రీస్తే తన నీతియని అతడు కన్నులార చూచినట్లాయెను. తన మనస్సు బాగుగా నున్న దినమున ఆ నీతి పెరుగదు; మనస్సు చెడియున్న దినమున అది తరుగదు. క్రీస్తు నిన్న నేడు నిరంతరము ఏకరీతిగానున్నవాడు గదా. సంకెళ్లు కాళ్లనుండి ఊడిపడినట్లు అతనికి తోచెను. ఇంటికి పోయి తనకు తోచిన ఆ మాటలను బైబిలులో వెదకెను. అట్లే వ్రాయబడిన వచనము కనబడలేదు. గాని మొదటి కొరింథీ 1:30లో క్రీస్తే మనకు నీతియాయెనని చదివి, తాను పొందిన ఆదరణకు వాక్యమే ఆధారమని స్థిరపడెను. తోచినదానిని వాక్యముతో సరిచూచుకొనుట ఎంత మేలైన అలవాటు!

చెరసాలలో మరల శోధన

గిఫర్డ్ గారి సంఘములో చేరిన బన్యన్, 1655వ సంవత్సరము మొదలుకొని కొంచెము కొంచెముగా బోధింప నారంభించెను. మాట్లు వేయువాని ప్రసంగమును వినుటకు జనులు గుంపులుగా వచ్చిరి. ఈలోగా మొదటి భార్య నలుగురు బిడ్డలను విడిచి మృతినొందెను. 1659వ సంవత్సరమున అతడు ఎలిసబెత్తు అను భక్తురాలిని వివాహమాడెను.

1660వ సంవత్సరమున రెండవ చార్లెసు రాజు సింహాసన మెక్కెను. రాజ్యపు సంఘమునకు వెలుపల కూటములు జరుపువారికి కష్టకాలము వచ్చెను. ఆ యేడు నవంబరు 12వ తేదీన బన్యన్ ఒక పల్లెలో బోధింపవలసియుండెను. పట్టుకొనుటకు ఆజ్ఞ సిద్ధముగా నున్నదని అతనికి ముందే తెలిసెను. తప్పించుకొనుటకు సమయమును ఉండెను. అతడు పొలములోనికి పోయి ఒంటరిగా నడచుచు ఆలోచించెను. బోధించిన నేనే పారిపోయినయెడల క్రొత్తగా నమ్మినవారు ఏమగుదురని తలంచి, తిరిగి కూటమునకు వచ్చెను. అక్కడనే పట్టబడెను. ఇకను బోధింపనని మాట ఇచ్చినయెడల విడువబడును. అతడు ఆ మాట ఇయ్యలేదు. ఆ విధముగా బెడ్‌ఫర్డు చెరసాలలో 12 సంవత్సరములు గడచెను.

ఎలిసబెత్తు అప్పుడు గర్భవతి. భర్త పట్టబడిన వార్త విని దిగులుచేత నెలలు నిండకమునుపే ప్రసవించెను; శిశువు చనిపోయెను. అయినను 1661వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆమె న్యాయాధిపతుల యెదుటికి పోయి, భర్త నిమిత్తము విన్నవించుకొనెను. నలుగురు చిన్నబిడ్డలు, వారిలో ఒకతె గ్రుడ్డిది, మంచివారి ధర్మముచేత బ్రదుకుచున్నామని చెప్పెను. అతడు బోధించుట మానునా యని అడిగినప్పుడు, మాటలాడ శక్తి యున్నంతవరకు మానడని తెలిపెను. మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి ఆమెయందు కనికరపడెను గాని విడుదల దొరకలేదు. ఆమె ఏడ్చుచు బయటికి వచ్చెను. తన కష్టమునుబట్టి కంటె, ప్రభువు వచ్చునప్పుడు ఈ మనుష్యులు చెప్పవలసిన లెక్కను తలంచుకొని ఏడ్చితినని ఆమె తెలిపెను.

చెరసాలలో బన్యన్ లేసుల కొనలకు రేకు మొనలు తొడుగుచు, వాటిని వందల కొలది అమ్మి కుటుంబమును పోషించెను. భార్యా బిడ్డలను ఎడబాయుట ఎముకలనుండి మాంసమును ఊడదీసినట్లుండెనని అతడు వ్రాసెను. అన్నిటికంటె గ్రుడ్డి కూతురు మేరీని తలంచుకొని అతని హృదయము పగిలెను. దానిమీద గాలి వీచుటయే సహింపలేని నేను, దానిని ఆకలికి, చలికి, దెబ్బలకు విడిచితినే యని అతడు దుఃఖపడెను. అయినను బిడ్డను దేవుని చేతిలో పెట్టుటయే తన పని యని నిశ్చయించుకొనెను.

నిచ్చెనమీద నిలిచిన విశ్వాసము

ఇక్కడ మనము నేర్చుకొనవలసిన ముఖ్యమైన సంగతి యున్నది. చెరలోనికి పోయిన తొలి దినములలో, తన్ను ఉరి తీయుదురేమో యని అతడు తలంచెను. అప్పటి చట్టము ప్రకారము లోబడనివారిని దేశమునుండి వెళ్లగొట్టి, తిరిగి వచ్చినయెడల ఉరి తీయవచ్చును. ఆ సమయముననే దేవుని సన్నిధి తనకు మరుగైనట్లు అతనికి తోచెను. ప్రార్థించినను ఆదరణ రాలేదు. ఉరికొయ్య నిచ్చెన ఎక్కునప్పుడు నా మోకాళ్లు వణకి, నా ముఖము పాలిపోయినయెడల, క్రీస్తు నామమునకు అవమానము కలుగునే యని అతడు సిగ్గుపడెను.

చాల దినములు ఇట్లు కొట్టుకొనిన తరువాత, యోబు గ్రంథము మొదటి అధ్యాయము అతనికి జ్ఞాపకము వచ్చెను. యోబు ఊరకయే దేవుని సేవించునా యని సాతాను అడిగెను గదా. అప్పుడు బన్యన్‌కు కన్నులు తెరువబడెను. దేవుడు నన్ను ఆదరించుటయు ఆదరింపకపోవుటయు ఆయన చిత్తము. నేను ఆయన మాటను విడుచుటయు విడువకపోవుటయు నా చేతిలో నున్నది. ఆదరణ దొరకినను దొరకకున్నను నేను ఆయన నామమును విడువను. నిచ్చెనమీదనుండి కన్నులు మూసికొని నిత్యత్వములోనికి దుమికెదను. ప్రభువా, పట్టుకొందువా, మేలు. పట్టుకొనవా, అయినను నీ నామము నిమిత్తమే దుమికెదను అని అతడు తీర్మానించుకొనెను. ఆ తీర్మానము చేసికొనిన వెంటనే అతని హృదయము ఆదరణతో నిండెను.

నిలువబడుట అనగా ఇదియే. వణకకుండుట కాదు, ఎల్లప్పుడు సంతోషముగా నుండుట కాదు. వణకుచునే క్రీస్తు పక్షమున నిలుచుట, కాంతి కనబడని వేళను ఆయన మాటను విడువకుండుట.

పోరాటమునుండి పుట్టిన ఫలము

చెరలో నుండగానే 1666వ సంవత్సరమున అతడు తన ఆత్మీయ జీవితమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. పాపులలో ప్రధానునికి విస్తరించిన కృప అని దానికి పేరు పెట్టెను. మనము ఇంతవరకు చెప్పిన శోధనలన్నియు అందులో అతడే దాచక వ్రాసెను. తనవలె బాధపడువారు అవి చదివి ఒంటరివారము కామని తెలిసికొనవలెనని అతని కోరిక. 1672వ సంవత్సరమున విడుదల పొంది, బెడ్‌ఫర్డు సంఘమునకు కాపరిగా సేవ చేసెను. తరువాత మరియొకసారి ఇంచుమించు ఆరు నెలలు చెరలో నుండెను. 1678వ సంవత్సరమున యాత్రికుని ప్రయాణము వెలువడెను. అది రెండువందలకు పైగా భాషలలోనికి, మన తెలుగులోనికిని, తర్జుమా చేయబడెను.

ఆ గ్రంథము చదువువారు అందులో బన్యన్ హృదయమునే చూడగలరు. నిరాశ అను రాక్షసుడు యాత్రికులను సంశయ దుర్గములో బంధించినప్పుడు, వాగ్దానము అను తాళపుచెవి వారి రొమ్ముననే యుండెను. గోడయొద్ద మండు మంటపైని ఒకడు నీళ్లు పోయుచుండగా, గోడ వెనుక మరియొకడు మరుగుగా నూనె పోయుచుండెను. ఆ నూనె పోయువాడు క్రీస్తే. కడపటి నదిలో క్రైస్తవుడు మునిగిపోవుచు కేకవేసినప్పుడు, నిరీక్షణగల సహోదరుడు అతని తలను నీటిపైకెత్తి పట్టుకొనెను. ఇవి తీరికగా కూర్చుండి కల్పించిన కథలు కావు, కన్నీటి లోయలో దొరకిన ముత్యములు.

1688వ సంవత్సరమున అతడు రెడింగు పట్టణమునకు పోయి, కుమారునిమీద కోపముతో నున్న ఒక తండ్రిని సమాధానపరచెను. అక్కడనుండి గుఱ్ఱముమీద లండనుకు పోవుచు వానలో తడిసి, జ్వరము తగిలి, ఆగస్టు 31వ తేదీన ప్రభువునందు నిద్రించెను. బన్‌హిల్ ఫీల్డ్సు అను స్థలమున సమాధి చేయబడెను. లోపలి యుద్ధములో నిలిచినవాని కడపటి పని ఒక ఇంటిలోని కలహమును చల్లార్చుట!

మనకు బోధ

మొదట, చెడు తలంపు వచ్చుటయు దానిని ఇష్టపడి చేర్చుకొనుటయు ఒకటి కాదు. ఇంటిలో దొంగ దూరినంత మాత్రమున ఇంటివాడు దొంగ కాడు. అరణ్యములో మన ప్రభువును శోధకుని మాటలు వినెను, గాని వాటికి చోటియ్యలేదు. మీ తలంపులనుబట్టి మీరు దుఃఖపడుచున్నయెడల, ఆ దుఃఖముతోనే క్రీస్తునొద్దకు రండి. ఏశావు కూటిని కోరెను. మీరు క్రీస్తును కోరుచున్నారు.

రెండవది, ఒంటరిగా పోరాడకుడి. బన్యన్ చెవిని పడినది గుమ్మములోని స్త్రీల మాట. అతని చేతికి వచ్చినది లూథర్ పుస్తకము. కృపను గూర్చిన వాక్యము సంపూర్ణముగా అతనికి దొరకినది విశ్వాసుల కూటములో. మీ కాపరితోనో, అనుభవముగల ఒక విశ్వాసితోనో మీ బాధను చెప్పుకొనుడి. నిద్రాహారములు మాని మనస్సు కృంగిపోయినప్పుడు వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. వైద్యమును దేవుని ఈవియే. వినువారు తొందరపడి తీర్పు చెప్పక, ఓపికతో వినుదురు గాక.

మూడవది, మీ నీతి మీ మనస్సులో లేదు. అది దేవుని కుడిపార్శ్వమున నున్నది. మబ్బు పట్టిన దినమునను సూర్యుడు తన చోటనే యుండును. వచ్చు ప్రభువు బల్ల దినమున, వెనుకకు తగ్గియున్న సహోదరులు సిగ్గుపడక రావలెనని మేము వేడుకొనుచున్నాము. బల్ల నిలిచినవారికి బహుమానము కాదు, నిలువలేనివారికి ఆహారము.

ప్రార్థన: కృపగల ప్రభువా, కనబడని యుద్ధములో ఒంటరిగా కన్నీరు కార్చుచున్న నీ బిడ్డలను జ్ఞాపకముంచుకొనుము. మేము నిన్ను గట్టిగా పట్టుకొనలేని దినమున నీవే మమ్మును పట్టుకొనుము. ఒకరి తల నొకరము నీటిపైకెత్తి పట్టుకొను ప్రేమను మా సంఘములకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.